సుగ్గి మూట నుంచి సచివాలయం కుర్చీ దాకా: మంత్రాలయం గేరుల్లో ఏ పని ఏమిస్తుంది, ఏం తీసుకుంటుంది

గురువారం తెల్లవారకముందే మంత్రాలయం లేస్తుంది. కర్ణాటక బస్సులు ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. తుంగభద్ర ఒడ్డున స్నానాలు, మఠం ముందు వరుసలు, హోటళ్ళలో ఇడ్లీ ఆవిరి. భక్తుడి కంటికి ఇదంతా ఒకే ఊరు. పని చేసే వాళ్ళ వైపు నుంచి చూస్తే మాత్రం మూడు నాలుగు ఊళ్ళు కనిపిస్తాయి. పూజ, మడి వంట మాధ్వ సంప్రదాయంలో పుట్టినవాళ్ళవి. అంగళ్ళు, లాడ్జీలు పెట్టుబడి ఉన్నవాళ్ళవి. ఘాట్ల దగ్గర వదిలేసిన తడి బట్టలు, ఆకులు, ప్లాస్టిక్ ఎత్తేది ఎవరని అడిగితే మాల గేరి, మాదిగ గేరి పేర్లే వినిపిస్తాయి.

కులం పనిని పంచలేదు, పనిచేసేవాళ్ళనే మెట్లు మెట్లుగా విడదీసిందని అంబేడ్కర్ 1936లోనే వాదించాడు. అందుకే ఫలానా పని మంచిదా చెడ్డదా అని అడిగితే చాలదు. కూలి ఎంత, ఎప్పుడు చేతికొస్తుంది, ఒంటికేమవుతుంది, వద్దనుకుంటే మానేసే వీలుందా, పిల్లలకు ఆ పని తప్పుతుందా అన్నవి కూడా అడగాలి. మంత్రాలయం, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల్లో దళితులు చేసే పనులను ఈ ప్రశ్నలతో చూస్తే లెక్క వేరుగా తేలుతుంది.

సుగ్గి

పశ్చిమ కర్నూలులో వలసకు ఉన్న పేరు సుగ్గి. ఆ మాటకు అసలు అర్థం పంట కోతల కాలం, అంటే పండగ లాంటి కాలం. ఇక్కడి మెట్ట చేలకు వాన తప్ప దిక్కులేదు. పక్కనే నది పారుతున్నా, దిగువ కాలువ నీళ్ళు అందే పొలాలు కొన్నే. కాబట్టి మన సుగ్గి ఇంకొకరి పొలంలో జరుగుతుంది. ఖరీఫ్ పంట చేతికొచ్చినా రాకపోయినా, దీపావళి దాటాక గేరుల్లో ఇళ్ళకు తాళాలు పడతాయి. పత్తి తీయడానికి తెలంగాణకు, మిరప కోయడానికి గుంటూరు వైపుకు బియ్యం మూటలు, వంట సామాను, పిల్లలతో సహా పోతారు. మళ్ళీ ఉగాది ముందూ వెనకా తిరిగొస్తారు. ముసలివాళ్ళు మాత్రం ఇంటికి కాపలా.

సుగ్గిలో లాభం ఉంది. ఇది ఒప్పుకోకుండా వలస గురించి రాసేవాళ్ళు ఊరివాళ్ళకు నవ్వులాటగా కనిపిస్తారు. నాలుగు నెలలు రోజూ పని దొరుకుతుంది. పత్తికి కిలో లెక్కన, మిరపకు కిలో లెక్కనో రోజు లెక్కనో కూలి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ గట్టిగా చేస్తే ఊళ్ళో ఏడాదంతా మిగలనిది ఆ నాలుగు నెలల్లో మిగులుతుంది. అప్పు తీరడం, కూతురి పెళ్ళి, రేకుల ఇంటికి స్లాబు పడటం సుగ్గి డబ్బుతోనే జరుగుతాయి. ఇంకొకటి కూడా ఉంది. అక్కడి రైతుకు కూలీ అవసరం ఎక్కువ, మన ఊరి పాత లెక్కలు తెలియవు. సొంతూరి పెద్దరైతు ముందు నోరెత్తలేనివాడు గుంటూరు రైతుతో కిలోకు ఇంకో రూపాయి కోసం బేరమాడగలడు.

నష్టం కూడా ఆ మూటలోనే ఉంటుంది. చేను గట్టున పట్టా గుడిసె. మరుగుదొడ్డి ఉండదు, పంట మీద కొట్టిన పురుగుమందు వాసన మధ్యే వంట. మిరప కోసిన చేతులు రాత్రంతా మండుతాయి, చంటిపిల్ల కంటికి ఆ చెయ్యి తగిలితే ఇక ఏడుపే. అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేది బడి పిల్లలు. 2011 జనగణనలో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఆగింది, అందులో సుగ్గి పాత్ర చిన్నది కాదు. తల్లుల ఖాతాలో వేసే చదువు సాయానికి 75 శాతం హాజరు నిబంధన పెట్టారు. నాలుగు నెలలు చేలో ఉన్న పిల్లకు హాజరు ఎక్కడిది? అవసరం ఎక్కువున్న ఇల్లే ఆ సాయానికి దూరమవుతుంది. వలస పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళ పథకం ఉంది. అయితే అవి దీపావళికి ముందే తెరుచుకోవాలి. తల్లిదండ్రులు పిల్లను వెంటబెట్టుకుని పోయాక తెరిచే హాస్టల్ వల్ల ఉపయోగం లేదు.

కార్యకర్తలు ముఖ్యంగా చూడాల్సింది మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు. డబ్బు ముందే తీసుకుని, అది తీరేదాకా వేరే చోటికి పోవడానికి వీల్లేకుండా పనిచేయిస్తే అది 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకునే పని కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదు కలెక్టరుకు గానీ, ఆదోని డివిజన్ అధికారికి గానీ ఇవ్వవచ్చు. విడుదల పత్రం చేతిలో పడితేనే పునరావాసం సొమ్ము వస్తుంది. 2016 పథకం ప్రకారం మగవాళ్ళకు లక్ష, ఆడవాళ్ళకు, పిల్లలకు రెండు లక్షలు.

చట్టంలో ఒక విచిత్రం ఉంది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం పేరులోనే ఉన్నట్టు రాష్ట్రం దాటిన వాళ్ళకే వర్తించింది. కోసిగి నుంచి గుంటూరుకు వందల కిలోమీటర్లు పోయినా రాష్ట్రం ఒకటే, కాబట్టి ఆ చట్టం ముందు వాళ్ళు వలస కూలీలు కారు. గద్వాల దగ్గరికి పత్తికి పోయినవాళ్ళు 2014 జూన్ 1 దాకా కారు, ఆ మర్నాటి నుంచి అయ్యారు. ఆ చట్టాన్ని కలుపుకున్న 2020 కోడ్‌లోనూ రాష్ట్రం సరిహద్దు షరతు అలాగే ఉంది.

ఊళ్ళో కూలి, ఉపాధి పని

ఊళ్ళోనే ఉంటే పిల్లల బడి నిలుస్తుంది, ముసలివాళ్ళకు తోడుంటుంది. అయితే కలుపు, కోత పనులు ఏడాదిలో కొన్ని వారాలే. ఆడకూలీకి మగకూలీ కంటే తక్కువ ఇవ్వడం ఇప్పటికీ మామూలే, సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా. పైగా కూలి అడిగే రైతే అప్పిచ్చేవాడు, ఎన్నికల్లో ఓటడిగేవాడు కూడా.

2005 ఉపాధి హామీ చట్టం కర్నూలుకు 2007లో, రెండో విడతలో వచ్చింది. ఆడా మగా ఒకే కూలి అని కాగితం మీద రాసి, చెల్లించి చూపించిన మొదటి పని మన ఊళ్ళల్లో ఇదే. 2024-25లో రాష్ట్రంలో రోజుకు రూ.300. కానీ ఆ మూడొందలు కొలతకు తగ్గ పని చేస్తేనే. గట్టి నేలలో గుంత తవ్వే గుంపుకు అంత పడదు. ఇంకో తిరకాసు కాలానిది. ఉపాధి పని జోరుగా సాగేది ఎండాకాలంలో, వలస మొదలయ్యేది శీతాకాలంలో. వలసను ఆపాల్సిన పని వలస నుంచి తిరిగొచ్చాక దొరుకుతుంది.

2021లో కేంద్రం ఈ కూలి డబ్బును ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మూడు పద్దులుగా విడదీసి పంపింది. ఒకే గుంతలో దిగిన ముగ్గురికి మూడు వేర్వేరు రోజుల్లో డబ్బు పడే పరిస్థితి వచ్చింది. విమర్శలు ముదిరాక ఆ పద్ధతిని వెనక్కి తీసుకున్నారు. కులం లేదనుకున్న మస్టర్ రోల్‌లోకి కులాన్ని తెచ్చిపెట్టడానికి ఒక్క సర్క్యులర్ చాలింది.

డప్పు, తోలు, మేర

కరెంటు మోటార్లు రాకముందు రాయలసీమ బావుల్లో కపిలె తిరిగేది. ఎద్దులు లాగే ఆ తోలు బానను కుట్టేది, చినిగితే అతికేది మాదిగలు. చెప్పులు, పలుపులు, వార్లు కూడా వాళ్ళ చేతి పనే. దానికి జీతం లేదు. కల్లంలో రాశి కొలిచాక ఇచ్చే మేర ఒక్కటే. పంట బాగుంటే మేర, ఎండితే దండం. ఆ పనిలో గొప్ప నైపుణ్యం ఉంది, ఆ నైపుణ్యం లేకుండా ఊరి సేద్యం నడవదు. అయినా బాన కుట్టినవాడు ఆ బావి నీళ్ళు చేదుకోకూడదు. మోటారు వచ్చాక కుట్టే పని పోయింది, మేర పోయింది, ఆ బదులుగా భూమి మాత్రం రాలేదు. మాలలు నేసిన ముతక బట్టదీ అదే కథ. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం పేరు అందరికీ తెలుసు. మాల మగ్గం ఎప్పుడు ఆగిపోయిందో రాసిపెట్టినవాళ్ళు లేరు.

డప్పు సంగతి వేరు. పండగకు, చావుకు, చాటింపుకు కొట్టించుకున్న డప్పును ఉద్యమం తన చేతిలోకి తీసుకుని 1994 దండోరా నుంచి తలెత్తుకునేలా మోగించింది. ఇప్పుడు పెళ్ళి బృందాలు డబ్బు మాట్లాడుకుని పోతాయి. 50 దాటిన డప్పు కళాకారులకు, 40 దాటిన సంప్రదాయ చర్మకారులకు పింఛను ఉంది, 2024 జూలై నుంచి నెలకు రూ.4,000. ఇది కావాల్సిందే. అయితే ఊరి పెద్ద పిలిస్తే చావుకు పోయి కొట్టాల్సిందేనన్న లెక్క ఇంకా తెగని చోట్లు ఉన్నాయి. అలా బలవంతంగా చాకిరీ చేయించడం, పశువు కళేబరం మోయించడం, గుంత తవ్వించడం 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం ప్రకారం నేరాలు. డబ్బు మాట్లాడుకుని పోతే అది పని, రాకపోతే ఊరుకోమంటే వెట్టి. కేసు రాయించేటప్పుడు ఈ తేడాను స్పష్టంగా చెప్పాలి.

కన్నడ సరిహద్దు మండలాల్లో ఆడపిల్లను బసివినిగా వదిలే ఆచారాన్ని కూడా కొందరు ‘వృత్తి’ అంటుంటారు. అది వృత్తి కాదు. 1988 చట్టం దాన్ని నిషేధించింది. దానిలో లాభనష్టాల లెక్క వేయడమే తప్పు కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నాను.

చీపురు పట్టిన చేతికి రెండు జీతాలు

ఆదోని, ఎమ్మిగనూరు మునిసిపాలిటీలు. మంత్రాలయం పంచాయతీ. చెత్త మాత్రం పంచాయతీ కొలతలో ఉండదు, రాఘవేంద్రుల ఆరాధన రోజుల్లో పట్నాన్ని మించిపోతుంది. మునిసిపల్ పారిశుద్ధ్య కార్మికుడికి ఆరోగ్య భత్యంతో కలిపి రూ.21,000 దాకా వచ్చింది, అదీ 2023 డిసెంబరు, 2024 జనవరి సమ్మెల లాంటి పోరాటాల వల్ల. పంచాయతీల్లో గ్రీన్ అంబాసిడర్లన్న అందమైన పేరుతో ఇదే పని మొదలుపెట్టినప్పుడు ఇచ్చింది రూ.6,000. అవే కాలువలు, అదే కంపు. పేరు మార్చడం తేలిక, జీతం మార్చడం కష్టం.

ఈ పనిలో లాభం నెలనెలా వచ్చే డబ్బు. ఎండకు, వానకు, పంటకు సంబంధం లేదు, పిల్లల బడి ఆగదు. సుగ్గికి పోలేని ఒంటరి ఆడవాళ్ళకు ఇదొక్కటే దారి. నష్టం ఒంటి మీద కనిపిస్తుంది: తొడుగులు లేని చేతులకు సూదులు, గాజుపెంకులు, దగ్గు, చర్మరోగాలు. అంతకంటే పెద్ద నష్టం, ఈ పోస్టులు తల్లి నుంచి బిడ్డకు వారసత్వంగా దిగడం. దయతో ఇచ్చినట్టు కనిపించే ఆ వారసత్వం కులాన్నే మళ్ళీ నియమిస్తుంది.

లాడ్జీల సెప్టిక్ ట్యాంకుల విషయం విడిగా చెప్పుకోవాలి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం 2013 చట్టం కింద నేరం. దించింది ప్రభుత్వమా, ప్రైవేటు యజమానా అన్న తేడా లేదు. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. మనిషి చనిపోతే రూ.10 లక్షలివ్వాలని 2014 మార్చి 27న సఫాయి కర్మచారి ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని రూ.30 లక్షలకు పెంచింది. ‘తనంతట తానే దిగాడు’ అని రాయించుకున్న కాగితానికి విలువ లేదు.

వంటగది గడప

2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలంది. ఉద్దేశం జీతం కాదు, ఆ చేతివంట అన్ని కులాల పిల్లలూ ఒకే వరుసలో తినడం. జీతం మరీ తక్కువ: 2019లో పెంచాకనే నెలకు రూ.3,000, దాని ముందు వెయ్యి. కాబట్టి దీన్ని బతుకుతెరువు అనలేం. అయినా ఊరి బడిలో ఆ పొయ్యి వదులుకోవద్దని నేనంటాను. అంగన్‌వాడీలో కార్యకర్తకు రూ.11,500, ఆయాకు రూ.7,000 అని 2019లో నిర్ణయించారు. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేస్తే ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవ అనడానికి సరిపోయిన పని, ఉద్యోగం అనడానికి సరిపోలేదు.

ఆటో, లాడ్జీ, బెంగళూరు

మంత్రాలయం రోడ్ స్టేషన్ ఊరికి దూరంగా ఉండటం ఆటోవాళ్ళకు అన్నం పెట్టింది. కిస్తీ కట్టాలి, డీజిలు పోయాలి, కానీ ఎవడి కిందా కాదు. ఎక్కే భక్తుడు కులం అడగడు, అడిగినా చెప్పక్కర్లేదు. లాడ్జీ గదులు ఊడ్చేవాళ్ళకు, హోటళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళకు ఆ స్వేచ్ఛ లేదు. పదిమందికి పైగా పనిచేసే చోట, నెలకు రూ.21,000 లోపు జీతమున్న వాళ్ళకు ఈఎస్ఐ హక్కు. కార్డు ఇచ్చారా అని అడిగే యూనియన్ ఉంటే సగం పని అయినట్టే. భక్తుల మీద ఆధారపడిన పనులన్నీ ఒక్క దెబ్బకు కూలతాయని 2009 అక్టోబరు వరద, 2020 లాక్‌డౌన్ రెండుసార్లు చూపించాయి.

బెంగళూరు భవన నిర్మాణంలో కూలి ఎక్కువ, కులం ఊసు తక్కువ. గది అద్దె, పరంజా ఎత్తు ఆ ఎక్కువను తినేస్తాయి. కర్ణాటక భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు నమోదు చేయించుకోకపోతే ప్రమాద సాయం కూడా లేదు.

సచివాలయం

కర్నూలు పక్కన పెద్దపాడు మాల ఇంట్లో పుట్టిన దామోదరం సంజీవయ్య 1960లో దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి అయ్యాడు. గేరి పిల్లలకు అంత దూరం అక్కర్లేదు, దగ్గరి మెట్టు గ్రామ సచివాలయం. 2019లో రాత పరీక్ష పెట్టి లక్షకు పైగా పోస్టులు నింపారు. సిఫారసు లేకుండా, రోస్టర్ ప్రకారం వచ్చిన ఆ ఉద్యోగాలు చాలా ఇళ్ళలో మొదటి నెలజీతం. మొదటి రెండేళ్ళకు పైగా రూ.15,000తోనే గడిపారు, 2022లో గానీ పే స్కేలు రాలేదు. 2025 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలో ఎస్సీల 15 శాతాన్ని మూడు గుంపులుగా విడదీశారు: రెల్లి తదితరులకు 1, మాదిగ తదితరులకు 6.5, మాల తదితరులకు 7.5. కొత్త నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేసేవాళ్ళు తమ ఉపకులం ఏ గుంపులో ఉందో ముందే చూసుకోవాలి.

ఈ ఉద్యోగంలో నష్టం జీతం కాగితంలో కనిపించదు. పోస్టింగు వేరే ఊళ్ళో పడుతుంది. ఆఫీసులో సంతకం కోసం నిలబడే పెద్దరైతు ‘సార్’ అనే పిలుస్తాడు. సాయంత్రం అద్దె ఇల్లు వెతుక్కుంటూ అదే వీధికి పోతే ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు, చివరికి ‘మీరేమిట్లు?’ అని అడుగుతారు. అందుకే మండల కేంద్రంలో గది తీసుకుని రోజూ బండి మీద ముప్పై కిలోమీటర్లు తిరిగే కుర్రాళ్ళున్నారు. ఆ పెట్రోలు ఖర్చుకు టీఏ బిల్లు పెట్టడానికి కాలం లేదు.