బ్లాకర్స్ రోడ్డులో గెయిటీ

మద్రాసు మౌంట్ రోడ్డు నుంచి బ్లాకర్స్ రోడ్డులోకి మళ్లితే ఒకప్పుడు గెయిటీ థియేటర్ కనిపించేది. 1914లో దాన్ని కట్టించినవాడు మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య. ఆ నగరంలో ఒక భారతీయుడు నిర్మించిన తొలి సినిమా హాలు అదే. తెలుగు సినిమా చరిత్రను మనం ఎక్కువగా 1921 నాటి 'భీష్మ ప్రతిజ్ఞ'తోనో, తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'తోనో మొదలుపెడతాం. నా మటుకు నాకు ఆ కథ గెయిటీతోనే మొదలవుతుంది. సినిమా తీయాలంటే కావలసిన పెట్టుబడి, అనుభవం, జనం దేనికి వస్తారన్న ఎరుక ముందు హాల్లోనే సమకూడాయి.

వెంకయ్య అసలు వృత్తి ఫొటోగ్రఫీ. మౌంట్ రోడ్డులో స్టూడియో నడిపేవాడు. అప్పటికే మద్రాసులో విక్టోరియా పబ్లిక్ హాలు వంటి చోట్ల కదిలే బొమ్మల ప్రదర్శనలు జరుగుతుండేవి. ఎలక్ట్రిక్, లిరిక్ అనే హాళ్లు దొరల చేతుల్లో ఉండేవి. 1910 ప్రాంతంలో వెంకయ్య ఉన్నదంతా ఊడ్చి, సుమారు 30,000 రూపాయలకు క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొన్నాడు. ఆ రోజుల్లో అది చిన్న జమీందారు కూడా వెనకాడే మొత్తం.

ఆ యంత్రం సంగతి కాస్త చెప్పుకోవాలి. ఫ్రాన్సులోని గోమాన్ కంపెనీ తయారీ అది. హాలు వెనక ప్రొజెక్టరు, తెర దగ్గర గ్రామఫోను. రెండూ ఒకే వేగంతో నడిచేలా వాటిని కరెంటుతో జతచేసేవారు. రికార్డులోని గొంతును గదంతా వినిపించేలా గాలి ఒత్తిడితో పెంచేవారు. ముల్లు ఒక్క గాడి తప్పిందా, తెర మీది మనిషి పెదవులు ఒకదారి, పాట ఒకదారి. బొమ్మలు నిమిషాల నిడివివే. అయినా పూర్తిస్థాయి టాకీలు రావడానికి ఇరవై ఏళ్ల ముందే మాట్లాడే బొమ్మను ఆయన జనానికి చూపించాడు. గుడారం, యంత్రం వెంటబెట్టుకుని ఆంధ్ర ప్రాంతంలోనే కాక సింహళం, బర్మాల దాకా తిరిగాడు.

ఊరూరా గుడారం వేయడంలో వానకు, గాలికి, అనుమతులకు లోబడాలి. పైకప్పు ఉంటే రోజూ ఆట వేయవచ్చు, సీరియల్‌ను వారం వారం కొనసాగించవచ్చు. గెయిటీ చేసిన పెద్ద మార్పు ఇదే. 'మిలియన్ డాలర్ మిస్టరీ', 'బ్రోకెన్ కాయిన్' వంటి విదేశీ సీరియళ్లు అక్కడ ఆడాయి. ఇవాళ ఉత్కంఠ దగ్గర ఆపితే, తర్వాతి భాగానికి జనం తిరిగి రావాల్సిందే. సినిమాకు వెళ్లడమన్న అలవాటు నగరంలో అలా స్థిరపడింది. మూకీ సినిమాల మీద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదవలేని నేల టికెట్టు వాళ్ల కోసం తెర పక్కన ఒకరు నిలబడి కథ చెప్పడం ఆనాటి హాళ్ల ఆనవాయితీ. ఆ వ్యాఖ్యాతల మాటలు ఎవరైనా రాసిపెట్టి ఉంటే అది మన సినిమాకు ఎంత విలువైన పత్రమయ్యేదో!

గెయిటీ తర్వాత వెంకయ్యే మింట్ వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ కట్టించాడు. 1918 సినిమాటోగ్రాఫ్ చట్టంతో హాళ్లకు లైసెన్సులు తప్పనిసరయ్యాయి. ఇట్టే అంటుకునే నైట్రేట్ ఫిలిం కాలంలో అది అవసరమే. అదే రోజుల్లో వెంకయ్య తన కొడుకు సూర్యప్రకాశ్‌ను సినిమా పని నేర్చుకోవడానికి విదేశాలకు పంపాడు. 1921లో తండ్రీకొడుకులు 'స్టార్ ఆఫ్ ది ఈస్ట్' సంస్థ పెట్టి 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. భీష్ముడి పాత్ర ప్రకాశ్‌దే. సి. పుల్లయ్య వంటివారు పని నేర్చుకున్నదీ వీరి దగ్గరే. కానీ తీయడం చూపించినంత లాభసాటి కాలేదు. సంస్థ ఎక్కువ కాలం నిలవలేదు, గెయిటీ చేతులు మారింది. వెంకయ్య 1941లో కన్నుమూశాడు.

హాలు మాత్రం టాకీల యుగంలోనూ, రంగుల సినిమాల కాలంలోనూ ఆడుతూనే వచ్చింది. చివరి దశలో పాత వైభవం పోయింది. ఈ శతాబ్దం తొలి దశకంలో దాన్ని కూల్చేశారు. క్రౌన్ కూడా మిగల్లేదు. రోక్సీగా పేరు మారిన గ్లోబూ పోయింది. మౌంట్ రోడ్డులో దొరలు నడిపిన ఎలక్ట్రిక్ థియేటర్ భవనం మాత్రం నిలిచింది. అది తపాలా శాఖ చేతికి వెళ్లడం వల్ల దానికి అవసరం మిగిలింది. గెయిటీకి ఆ అదృష్టం దక్కలేదు. 1980లో రఘుపతి వెంకయ్య పేరిట పురస్కారం నెలకొల్పిన మనం, ఆయన కట్టిన హాళ్లలో ఒక్కదాన్నయినా కాపాడుకోవాలని అప్పుడే అడిగి ఉండాల్సింది.