పాదం కింద పలక, పలక కింద పొర

లామినేట్ ఫ్లోరింగ్ వేయించుకునేవారు పై పలక రంగు తేల్చుకోవడానికి వారాలు తీసుకుంటారు. దాని కింద పరిచే రెండు మూడు మిల్లీమీటర్ల ఫోమ్ షీటు (అండర్‌లే) విషయానికొస్తే షాపులో ఏది ఇస్తే అది. ఆ పొర ఈ మధ్య పుట్టిన చిల్లర సరుకని, బిల్లు పెంచడానికి తెచ్చిపెట్టిన ఖర్చని చాలామంది అనుకుంటారు. నిజానికి నడిచే నేలకూ దాన్ని మోసే కట్టడానికీ మధ్య ఏదో ఒకటి ఉండాలన్న ఎరుక రెండు వేల ఏళ్ల నాటిది. అప్పుడు ఆ పొర మందం జానెడు పైమాటే. ఇప్పుడది చిటికెన వేలి మందం కూడా లేదు. ఇంతగా పలచబడే క్రమంలో అది తన పాత పనుల్లో కొన్నింటిని నిలబెట్టుకుంది, ఒకదాన్ని సగంలో వదిలేసింది. తేమను ఆపడం, గచ్చులోని చిన్న ఎగుడుదిగుళ్లను సర్దడం నేటి పలచటి పొర బాగానే చేస్తుంది. చప్పుడును ఆపే పని మాత్రం సగమే చేస్తుంది. ఆ మిగిలిన సగమే, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి ఇంట్లో ఉత్త కాళ్లతో తిరిగే మనబోటి వాళ్లకు ముఖ్యమైనది.

క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దపు రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ తన గ్రంథం ఏడో భాగాన్ని నేలలతోనే మొదలుపెట్టాడు. మేడ మీద గచ్చు వేయాలంటే ముందు దూలాల మీద చెక్క పలకలు పరిచి, అవి వంగి పైకి లేవకుండా ప్రతి దూలం దగ్గరా అంచుకొకటి చొప్పున రెండు మేకులు కొట్టమంటాడు. ఆపైన దొరికితే ఫెర్న్ ఆకు, లేకపోతే గడ్డి పరచమంటాడు. పైనుంచి పడే సున్నం చెక్కను తినేయకుండా కాపాడటానికే ఆ ఆకు. దాని మీద గుప్పెటకు తక్కువ కాని రాళ్లు, వాటి మీద మూడు పాళ్ల కంకరకు ఒక పాలు సున్నం కలిపి, మనుషులను వరసగా నిలబెట్టి చెక్క దిమ్మిసలతో కొట్టించిన పొర. కొట్టడం పూర్తయ్యాక ఆ మందం ముప్పావు అడుగుకు, అంటే దాదాపు 22 సెంటీమీటర్లకు తగ్గకూడదు. దాని మీద మళ్లీ మూడు పాళ్ల పెంకుల పొడికి ఒక పాలు సున్నం, ఆరు వేళ్ల మందం. కంటికి కనిపించే నేల వచ్చేది ఆ తర్వాతే. బరువును పంచే పని, తేమను ఆపే పని, ఒక పదార్థం మరొకదాన్ని చెరపకుండా విడదీసే పని, ఒక్కోదానికి ఒక్కో పొరను ఆయన విడివిడిగా చెప్పాడు. ఈనాటి అండర్‌లే ప్యాకెట్టు మీద రాసి ఉండే పనుల్లో చాలావరకు ఇవే.

ఈ తెలివి రోముకే పరిమితం కాదు. రాయలసీమ మట్టి మిద్దెల్లో దూలాలు, దంతెల మీద నేరుగా మన్ను పోయరు. ముందు ఆకో గడ్డో పరిచి, ఆపైన మట్టి, అన్నిటికన్నా పైన నీటిని దిగనివ్వని చవుడు వేస్తారు. ఇద్దరి లెక్కా ఒకటే: పైనున్న సున్నమో మన్నో చెక్కకు నేరుగా తగలకూడదు. 19వ శతాబ్దంలో వియన్నా నగరమంతా లేచిన నాలుగైదు అంతస్తుల అద్దె ఇళ్లలో ఈ పద్ధతి మరింత బరువెక్కింది. అక్కడ దూలాల మీద ఇటుక ముక్కలు, పాత గార, మట్టి కలిసిన పూడిక పోసి, అందులో చెక్క బద్దెలు ఇమిడ్చి, వాటి మీద మొరటు పలకల అడుగు నేల వేసి, ఆ మీద పార్కే చెక్క నేల బిగించారు. ఎడిన్‌బరా, గ్లాస్గోల టెనెమెంటు ఇళ్లలో దూలాల మధ్య అర పలకలు దించి బూడిద, బొగ్గు చిట్టెం నింపారు. ఆ పూడిక మంటను నెమ్మదింపజేసేది, కింది వాటా వాళ్ల చెవులను కాపాడేది. దాని గుణమంతా దాని బరువులోనే ఉంది. బరువైన దాన్ని కదపడం కష్టం, కదలనిది చప్పుడు చేయదు.

ఇరవయ్యో శతాబ్దంలో రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు వచ్చి పూడికను గెంటేసింది. ఉక్కు, సిమెంటు ఖరీదైనవి కాబట్టి స్లాబును ఎంత పలచగా పోస్తే అంత లాభం. గాలిలో వచ్చే మాటల చప్పుడును స్లాబు బాగానే ఆపింది. కుర్చీ జరిపిన చప్పుడు, మడమ తగిలిన చప్పుడు మాత్రం గట్టి కాంక్రీటులో హాయిగా ప్రయాణించి కింది ఇంటి పైకప్పు నుంచి వినిపించాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్లు తిరిగి కట్టుకున్న జర్మనీలో దీనికి మందుగా తేలే గచ్చు స్థిరపడింది. స్లాబు మీద ఖనిజ ఊలు లాంటి మెత్తటి పొర, దాని మీద గోడలను ఎక్కడా తాకకుండా సిమెంటు గచ్చు. నేల స్లాబుకు అతుక్కోకుండా స్ప్రింగు మీద కూర్చున్నట్టు ఉంటుంది. నా దృష్టిలో ఈ చరిత్ర అంతటికీ మలుపు ఇదే. అప్పటిదాకా బరువు ఒక్కటే చేసిన పనిని ఇప్పుడు బరువు, మెత్తదనం కలిసి పంచుకున్నాయి. మెత్తటి పొర పైన ఇంకా నాలుగైదు సెంటీమీటర్ల సిమెంటు ఉందన్న సంగతి మరవకూడదు.

ఆ సిమెంటును కూడా తీసేసింది లామినేట్. వంటింటి బల్లల మీద అతికించే అలంకార రేకులు చేసే స్వీడన్ కంపెనీ పెర్స్టార్ప్, 1977లో అదే రేకును నొక్కిన పీచు పలక మీద అతికించి నేలకు తెచ్చింది. 1980లలో అది పెర్గో పేరుతో యూరప్ అంతా పాకి, 1994లో అమెరికాకు చేరింది. మొదట్లో పలకల గాడికి జిగురు పూసి కలిపేవారు. 1990ల రెండో సగంలో స్వీడన్‌లో వాలింగే, బెల్జియంలో యూనిలిన్ కంపెనీలు జిగురు లేకుండా క్లిక్‌మని బిగిసే అంచులను తేవడంతో, మేస్త్రీ లేకుండా ఇంటివాళ్లే ఒక్క పూటలో గది వేసుకునే రోజు వచ్చింది. మేకు లేదు, జిగురు లేదు, నేల ఊరికే పరిచి ఉంటుంది. అలాంటి నేల కింద ఏమీ లేకపోతే అడుగు వేసినప్పుడల్లా పలక కాంక్రీటుకు తగిలి ఠకఠకలాడుతుంది. అందుకే పాలిథిలిన్ ఫోమ్, కార్క్, కర్ర పీచు షీట్లు పలకతోపాటు విధిగా అమ్ముడుపోవడం మొదలైంది. తేలే గచ్చు ఆలోచనను అరువు తెచ్చుకున్న ఈ నేల, ఆ గచ్చు బరువును మాత్రం తెచ్చుకోలేదు.

పలచటి పొర బాగా చేసే పనులకు దాని మర్యాద దానికి దక్కాలి. కాంక్రీటు పైకి ఎండినట్టు కనిపించినా లోపలి తడి నెలల తరబడి ఆవిరై పైకి వస్తూనే ఉంటుంది. నొక్కిన పీచు పలకకు ఆ ఆవిరి తగిలితే అంచులు ఉబ్బి, అతుకుల దగ్గర గట్లు లేస్తాయి. 0.2 మిల్లీమీటర్ల పాలిథిలిన్ కాగితం అంచులు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా వేసి టేపు అంటిస్తే ఈ నష్టం తప్పుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో, కింద నేల తప్ప మరో అంతస్తు లేని గదుల్లో దీన్ని వదిలేయడం పలకల డబ్బు నీళ్లలో పోయడమే. అయితే పొర ఎంత మందంగా, మెత్తగా ఉంటే అంత మంచిదన్నది పూర్తిగా తప్పు. పాదం కింద పలక కుంగిన ప్రతిసారీ క్లిక్ అంచు మీద ఒత్తిడి పడుతుంది. రెండు వరసల ఫోమ్ వేస్తే ఆ అంచు కొన్నాళ్లకు విరగవచ్చు. ఈ పొరలను పరీక్షించే యూరోపియన్ ప్రమాణం ఇ.ఎన్. 16354 ఒత్తిడిని తట్టుకునే బలాన్ని మెత్తదనంతో సమానంగా చూడటానికి కారణం ఇదే. అదే ప్రమాణం గదిలో నడిచేవాడికి వినిపించే చప్పుడును, కింది ఇంటికి దిగే చప్పుడును రెండు వేరు లెక్కలుగా కొలుస్తుంది. ఒకదాన్ని బాగా తగ్గించే షీటు రెండోదాన్ని తగ్గిస్తుందన్న హామీ లేదు.

అసలు చిక్కు కింది ఇంటికి దిగే ఆ చప్పుడుతోనే. దాన్ని కొలిచే పద్ధతి 1930లలో జర్మనీలో రూపుదిద్దుకుంది. అర కిలో ఉక్కు సుత్తులు ఐదు, 4 సెంటీమీటర్ల ఎత్తు నుంచి సెకనుకు పది దెబ్బల చొప్పున నేలను కొడతాయి. బూట్ల మడమల చప్పుడుకు ఆ యంత్రం కొంతవరకు సరిపోతుంది. రెండు మిల్లీమీటర్ల ఫోమ్ కూడా ఆ పరీక్షలో మంచి అంకెలు తెచ్చుకోగలదు, ఎందుకంటే గట్టి వస్తువు చేసే సన్నటి టకటకను మెత్తదనం సులువుగా మింగేస్తుంది. ఉత్త కాళ్లతో పిల్లవాడు మంచం మీద నుంచి దూకితే వచ్చే దభీమన్న మోత అలాంటిది కాదు. అది స్లాబునే ఊపుతుంది. ఇంట్లో చెప్పులు వేసుకోని జపాన్ ఈ తేడాను ముందే పట్టుకుంది. అక్కడ సుత్తుల యంత్రంతోపాటు టైరును పడేసి, రెండున్నర కిలోల రబ్బరు బంతిని ఒక మీటరు ఎత్తు నుంచి వదిలి బరువైన దెబ్బను వేరుగా కొలుస్తారు. అపార్టుమెంట్లలో తటామీ చాపలు, తివాచీ తీసి చెక్క నేలలు వేయడం పెరిగాక ఇరుగుపొరుగు తగాదాలూ పెరిగి, ఏ స్థాయి పలక వాడాలో నివాసుల సంఘాలే నిబంధనలు రాసుకున్నాయి.

దక్షిణ కొరియా అనుభవం ఇంకా గట్టి సాక్ష్యం. అక్కడ స్లాబు మీద మెత్తటి పొర, దాని మీద వేడినీటి గొట్టాలున్న గచ్చు, ఆపైన చెక్క నేల. ప్రయోగశాలలో ఆ పొరకు స్థాయి ధ్రువపత్రం ఇచ్చేవారు. 2019లో ఆ దేశపు ఆడిట్ సంస్థ కట్టిన ఇళ్లకు వెళ్లి కొలిపిస్తే, 191 ఇళ్లలో 184 చోట్ల ఫలితం ధ్రువపత్రం కన్నా తక్కువ వచ్చింది. 114 ఇళ్లు కనీస స్థాయిని కూడా అందుకోలేదు. 2022 నుంచి ఇల్లు కట్టాక కొలిచే పద్ధతి తెచ్చారు. స్లాబు మందం 21 సెంటీమీటర్లన్న నిబంధన అంతకు ముందునుంచే ఉంది. అంత స్లాబు, దాని మీద గచ్చు ఉన్నచోటే మెత్తటి పొర మాట నిలబెట్టుకోలేకపోతే, ఐదారు అంగుళాల స్లాబు మీద ఉత్త పలక కింద అదేం చేయగలదు?

దీనికి రెండు అభ్యంతరాలు సహజంగా వస్తాయి. వెనకటి బంగళాల్లో బర్మా టేకు పలకల కింద ఏ పొరా లేకపోయినా బాగానే ఉన్నాయి కదా అన్నది ఒకటి. వాటి కింద పొర లేకపోలేదు, గాలి ఆడే ఖాళీయే అక్కడ పొర. చెక్కను పొడిగా ఉంచింది అదే. ఇక పై అంతస్తు చప్పుడు ఆ ఇళ్లలోనూ కిందికి వినిపించేది. పైన, కింద ఒకే కుటుంబం ఉండటం వల్ల ఎవరూ ఫిర్యాదు చేయలేదు. పొరుగువాడి కప్పు మన నేల అయ్యాకే ఇది తగాదా అయింది. రెండోది మరింత బలమైనది: మన ఇళ్లలో ఇప్పటికే ఉన్న టైల్స్ కన్నా ఫోమ్ మీద లామినేట్ నయం కాదా? నయమే. గరిటె పడిన చప్పుడు, కుర్చీ గీసిన చప్పుడు తప్పక తగ్గుతాయి. పాత టైల్స్ పగలగొట్టకుండా వాటి మీదే పరచుకోవచ్చు కూడా. నా అభ్యంతరం పొర మీద కాదు, దాని పేరిట చేసే వాగ్దానం మీద. షీటు అట్ట మీద వేసే డెసిబెల్ అంకె సుత్తుల యంత్రం ఇచ్చింది, అదీ చాలావరకు ప్రయోగశాలలోని మందపాటి స్లాబు మీద. అమెరికాలో కాండో కొనుక్కుని తివాచీ తీసేసే మన వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. చప్పుడు పరీక్షలో అక్కడి భవన కోడ్ అడిగే 50 పాయింట్లు తెచ్చుకున్న నేల కింద కూడా పిల్లల గంతులు వినిపిస్తాయి.

కాబట్టి చెక్క నేల వేయించుకునేవారు తేమకు మంచి కాగితం, అతుకులకు గట్టిగా నిలిచే పలచటి పొర అడగండి, గోడ చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల సందు వదిలారో లేదో స్కర్టింగ్ బిగించకముందే చూసుకోండి. షీటు కొంటే కింది వాళ్లకు ఏమీ వినపడదన్న మాట మాత్రం నమ్మకండి. ఫ్లాటు కొనేటప్పుడు బిల్డరును టైల్స్ బ్రాండు కన్నా ముందు స్లాబు మందం అడగండి. ఇల్లు కట్టేశాక ఆ బరువును ఏ ఫోమూ తెచ్చిపెట్టలేదు.