తండ్రి దిగిన బాయిలోనికి తనయుడు
సింగరేణిలో వారసత్వ ఉద్యోగముల చరిత్ర

పెద్దలు తమ పనిని ఎప్పుడు విడువవలెను, విడిచిన స్థానము ఎవరికి చెందవలెను అను ప్రశ్న ప్రతి సమాజములోను కలదు. కులవృత్తుల కాలములో ఇది పెద్ద ప్రశ్నగా తోచలేదు. కుమ్మరి సారె కుమ్మరి కొడుకునకును, కరణీకము కరణము కొడుకునకును వచ్చెడివి. పెద్ద పరిశ్రమలు వెలసి, నెలజీతము, పదవీవిరమణ వయస్సు ఏర్పడిన పిమ్మట ఈ విషయము వివాదాస్పదమైనది. తెలుగుదేశములో ఈ వివాదము మిక్కిలి తీవ్రముగా సాగిన చోటు రామగుండము, గోదావరిఖని మొదలగు ఊళ్లతో కూడిన సింగరేణి బొగ్గుగనుల ప్రాంతము.

గనుల పుట్టుక

1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కలదని కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ త్రవ్వకపు హక్కులను సంపాదించినది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. 1945లో నిజాం ప్రభుత్వము అందలి వాటాలలో అధికభాగమును కొనెను. నేడు ఆ కంపెనీలో 51 శాతము వాటా రాష్ట్ర ప్రభుత్వమునకును, 49 శాతము కేంద్ర ప్రభుత్వమునకును కలవు.

గోదావరి ఒడ్డున రామగుండము గనులు 1960 ప్రాంతమున ఆరంభమైనవి. వానితోబాటే గోదావరిఖని పట్టణముగా ఎదిగినది. ఖని అనగా గని. ఊరి పేరులోనే ఊరి వృత్తి కలదు. చుట్టుప్రక్కల జిల్లాల పల్లెలనుండి రైతులు, కూలీలు వచ్చి బాయిలో దిగినారు. వారిలో అనేకులు కోల్ ఫిల్లర్లు. ప్రేలుడుతో విరిగిపడిన బొగ్గును చెమ్మసుతో తట్టకెత్తి, మోసి, టబ్బులలో నింపుట వారి పని. ఆ తరము శరీరబలమే ఆనాటి యంత్రము.

శరీరము వేయు లెక్క

మనుష్యుని శరీరము ముప్పదియేండ్ల పిమ్మట క్రమముగా శక్తిని కోల్పోవును. కష్టించి పనిచేయునపుడు దేహము వినియోగించుకొనగల ప్రాణవాయువు దశాబ్దమునకు సుమారు పదవవంతు తగ్గునని శరీరశాస్త్రజ్ఞులు చెప్పుదురు. గనిలో దీనికి తోడు ఉక్క, ధూళి కలవు.

బొగ్గుధూళిలో పెద్ద రేణువులను ముక్కు, శ్వాసనాళము అడ్డగించి బయటికి నెట్టగలవు. మిల్లీమీటరులో వేయవవంతును మైక్రాను అందురు. ఐదు మైక్రానులకంటె చిన్నవైన రేణువులు ఊపిరితిత్తులలోని గాలితిత్తుల వరకు పోగలవు. వానిని మ్రింగబోయిన రక్షకకణములు నశించును. ఆ చోట మచ్చ కట్టును. ఈ విధముగా కలుగు వ్యాధికి న్యుమోకోనియోసిస్ అని పేరు. ఏర్పడిన మచ్చను మాన్పు మందు లేదు. ఇది ఒక్కనాటి ధూళివలన రాదు, ఏండ్లతరబడి పీల్చిన ధూళివలన వచ్చును. కావున పుట్టినరోజును బట్టి లెక్కించు వయస్సు వేరు, గనిలో గడపిన ఏండ్లను బట్టి లెక్కించు వయస్సు వేరు. 1952 నాటి గనుల చట్టమును అనుసరించి ఏర్పడిన నియమములు కార్మికునికి నియతకాలిక వైద్యపరీక్షను విధించుటకు కారణమిదియే.

ఐతే వయస్సుతోబాటు పెరుగునది కూడ ఒకటి కలదు. అనుభవజ్ఞుడైన కార్మికుడు పైకప్పును కర్రతో తట్టి వినును. గట్టిరాయి ఖంగుమనును. పొరవిడిన రాయి డోలువలె బోలుగా మ్రోగును. పొరల నడుమ ఖాళీ ఉన్నచో ధ్వని మారుట భౌతికశాస్త్రమునకు తెలిసిన విషయమే; కాని ఆ తేడాను క్షణములో గుర్తించి తోటివారిని వెనుకకు లాగుటకు ఏండ్ల అభ్యాసము కావలెను. పెద్దవాడు చిన్నవానితో కొంతకాలము కలసి పనిచేసిననే ఈ విద్య చేతులు మారును.

వారసత్వ ఉద్యోగములు

బొగ్గు పరిశ్రమలోని జాతీయ వేతన ఒప్పందములు, పనిలోనుండగా మరణించిన కార్మికుని కుటుంబములోను, శాశ్వతముగా అశక్తుడైన కార్మికుని కుటుంబములోను ఒకరికి ఉద్యోగమిచ్చుటకు అవకాశము కల్పించినవి. సింగరేణిలో దీనికంటె విశాలమైన పద్ధతియొకటి 1980లలో నడచినది. కార్మికుడు స్వచ్ఛందముగా దిగిపోయి తన స్థానమున కొడుకును నిలుపవచ్చును. నష్టములతో కంపెనీ ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందుకు వెళ్లవలసి వచ్చిన 1990లలో ఈ పద్ధతి నిలిచిపోయినది.

దాని పునరుద్ధరణ కార్మిక సంఘముల ముఖ్యమైన కోరికలలో ఒకటి అయినది. 2016లో సింగరేణి దానిని మరల ప్రకటించెను. 48 నుండి 59 ఏండ్ల వరకు గల కార్మికుడు తప్పుకొనినచో, 18 నుండి 35 ఏండ్ల వయస్సుగల కొడుకో, అల్లుడో, తమ్ముడో ఆ స్థానమున చేరవచ్చును. కోల్‌బెల్టు అంతటను సంతోషము వ్యాపించినది. కాని ఈ జాబితాలో కూతురు లేదు. కార్మికుడు కాని తండ్రికి పుట్టిన పక్కింటి పిల్లవాడును లేడు.

న్యాయస్థానముల తీర్పు

ఈ పథకమును సవాలు చేయగా, ఇది సమానత్వమునకు విరుద్ధమని 2017 మార్చిలో హైకోర్టు కొట్టివేసినది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జోక్యము చేసికొనుటకు నిరాకరించినది. రాజ్యాంగపు 16వ అధికరణము ప్రభుత్వోద్యోగములలో వంశమునుబట్టి భేదము చూపరాదని చెప్పుచున్నది. ఈ సూత్రము తెలుగువారికి క్రొత్త కాదు. గుంటూరు జిల్లాలోని ఒక గ్రామ మునసబు పదవిని గూర్చిన గాజుల దశరథరామారావు వ్యాజ్యములో, పాత ఉద్యోగి కుటుంబమునకే పదవిని పరిమితము చేయు నియమము చెల్లదని సుప్రీంకోర్టు 1960 డిసెంబరులోనే తీర్పు చెప్పినది.

పిమ్మట 2018 నుండి కారుణ్య నియామకములు అమలులోనికి వచ్చినవి. వైద్యమండలి అశక్తుడని నిర్ణయించిన కార్మికుని వారసునికే ఉద్యోగము. కష్టములో పడిన కుటుంబమును ఆదుకొను మినహాయింపుగా న్యాయస్థానములు దీనిని అంగీకరించుచున్నవి. ఐతే ఇందులో ఒక విచారకరమైన విషయము కలదు. కొడుకునకు పని దొరకవలెనన్నచో తండ్రి రోగి అని తేలవలెను. ఏ తండ్రియు సాధారణముగా కోరుకొనని వైద్యుని మాటను ఇక్కడ ఇల్లంతయు ఎదురుచూచును.

తప్పుకొనిన స్థానము

పెద్దలు తప్పుకొనినచో యువకులకు పని దొరకునను భావము ఇతర దేశములలోను కలదు. బ్రిటనులో 1977 నుండి 1988 వరకు ఇట్టి పథకమొకటి నడచినది. ముందుగా విరమించిన కార్మికునికి ప్రభుత్వము భృతినిచ్చెడిది. దానికి బదులుగా యజమాని నిరుద్యోగుల పట్టికనుండి ఒకరిని తీసికొనవలెను. అక్కడ స్థానము తరమునకు చెందినది, కొడుకునకు కాదు.

సింగరేణిలో మరియొక చిక్కు కలదు. 1990ల ఆరంభమున లక్షకు పైగా ఉన్న ఉద్యోగుల సంఖ్య 2020లలో నలుబది వేల ప్రాంతమునకు దిగినది. తట్ట, చెమ్మసుల స్థానమును యంత్రములు ఆక్రమించినవి. ఓపెన్‌కాస్టులలో మట్టితీత చాలభాగము కాంట్రాక్టరుల చేతికి పోయినది. తండ్రి లేచిన పీటను పలుమార్లు ఎవరును ఆక్రమించలేదు, పీటయే తీసివేయబడినది. 2021లో విరమణ వయస్సు 60 నుండి 61కి పెరుగుటతో ఎదురుచూచువారి వరుస మరింత నెమ్మదించినది.

ఈ చరిత్రనుండి కొన్ని విషయములు తేటపడుచున్నవి. గనిలో ఊపిరితిత్తులు అలసిన మనిషిని గౌరవముతో, తగిన భృతితో ముందుగా విడుదల చేయుట న్యాయము. దానికి కొడుకు ఉద్యోగము షరతు కానక్కరలేదు. ఖాళీయైన స్థానమునకు ఆ ఊరి కొడుకులును కూతుళ్లును సమానముగా పోటీపడవలెను. స్త్రీలు భూగర్భ గనులలో పనిచేయుటకు కేంద్ర ప్రభుత్వము 2019లో కొన్ని షరతులతో అనుమతించినది కూడ. వెళ్లు కార్మికుడు వచ్చు కార్మికునికి కప్పును తట్టి వినుట నేర్పు వ్యవధి ఉండవలెను. అది రక్తసంబంధముతో వచ్చు విద్య కాదు. నేర్పినచో ఎవరి బిడ్డకైనను వచ్చును.