వాంగ్మూలంలో లేని పిల్లలు

కురవి వీరభద్రుడి గుడికి వెళ్లేవాళ్లలో కొరవి గద్య శాసనం సంగతి ఎరిగినవాళ్లు కొద్దిమందే. పదో శతాబ్దిదని చరిత్రకారులు చెప్పే ఆ రాత ముదిగొండ చాళుక్యుల ఏలుబడి ముచ్చట. మన చరిత్ర రచన అలాగే మొదలైంది: ఏలినవాళ్ల పేర్లు, గెలిచినవాళ్ల బిరుదులు. యుద్ధంలో పిల్లలేమయ్యారన్నది రాతికెక్కే విషయం కాదు. కావ్యంలోకి రావాలంటే పిల్లవాడు వీరుడై రావలసిందే. పల్నాటి బాలచంద్రుడు అలా వచ్చినవాడు. తల్లి ఐతమ్మ యుద్ధం ఊసు చెవిన పడకుండా దాచింది. బొంగరాల ఆటలో తగిలిన ఒక ఎత్తిపొడుపు మాట అతణ్ని కార్యమపూడి రణభూమికి నడిపించింది. కన్నతల్లి భయం కథలోనే ఉంది, కానీ శతాబ్దాలుగా ఆ గాథ విన్నవాళ్లు కొడుకు కత్తినే చూశారు.

యుద్ధం పిల్లల్ని ఏం చేస్తుందని పనిగట్టుకుని అడగడం నూరేళ్ల కిందటి సంగతి. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక శత్రుదేశాల పిల్లల ఆకలి గురించి మాట్లాడిన ఎగ్లాంటైన్ జెబ్ 1919లో సేవ్ ద చిల్డ్రన్ సంస్థకు పునాది వేసింది. 1924లో నానాజాతి సమితి ఆమోదించిన జెనీవా బాలల ప్రకటన ఆమె రాసిందే. రెండో యుద్ధకాలంలో అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ లండన్‌లో పిల్లల సంరక్షణ కేంద్రాలు నడిపారు. బాంబులకన్నా తల్లి నుంచి విడిపోవడమే చిన్నపిల్లల్ని ఎక్కువ కుంగదీస్తోందని అక్కడ గమనించి 1943లో పుస్తకం రాశారు. ఈ రంగంలో ఆ తర్వాత వచ్చినవాళ్లంతా సమర్థించడానికో కాదనడానికో ఆ మాట దగ్గరికి ఒకసారి రావలసి వచ్చింది.

ఆ పుస్తకం వచ్చిన మూడేళ్లకు, 1946 జులై 4న, జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాడు. దాంతో రాజుకున్న తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం మానుకోట (మహబూబాబాద్), కురవి పల్లెల మీదుగా గోదావరి అడవుల దాకా పాకింది. పిల్లలు అందులో ఉన్నారు. చీటీలు చేరవేసింది, ఊరి బయట కాపలా కాసి పోలీసుల రాక కనిపెట్టింది చాలాచోట్ల వాళ్లే. 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం దళంలో తుపాకీ పట్టేనాటికి ఆమెకు పదహారు, పదిహేడేళ్లు. నేటి అంతర్జాతీయ లెక్కలో ఆమె బాల సైనికురాలు. రాజక్కగా జనం గుండెల్లో నిలిచి, తర్వాత ఎమ్మెల్యే అయిన మనిషికి ఆ ముద్ర వేయడానికి నాకు చేయి రాదు. అలాగని ఆ వయసును లెక్కలోంచి తీసేయడానికీ మనసొప్పదు. ఈ విషయం మీద తెలుగులో రాసేవాళ్లెవరికైనా మొదట ఎదురయ్యే చిక్కు ఇదే. మన ఇళ్లలో పోరాటం గర్వంగా చెప్పుకునే ముచ్చట.

పోలీసు చర్య తర్వాత సైన్యం కోయ పల్లెలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లోకి తరలించిన వైనం పుచ్చలపల్లి సుందరయ్య 1972 నాటి పోరాట గ్రంథంలో రాశాడు. ఆయన చూపు ఉద్యమం మీద ఉంది, పిల్లలు కథనం అంచున నిలబడ్డారు. వాళ్లు కాస్త దగ్గరగా కనబడింది 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో. అడవిలో దళంతో తిరుగుతూ పసివాణ్ని వదులుకోవలసి వచ్చిన కమలమ్మ మాటల్లో యుద్ధం ఒక తల్లీబిడ్డల సంగతి అయింది. లండన్‌లో అన్నా ఫ్రాయిడ్ చూసిన ఎడబాటే ఇదీ, కాకపోతే ఇక్కడ దాన్ని కొలిచినవాళ్లు లేరు. ఆ పుస్తకంలోనైనా గొంతు తల్లిది. బిడ్డ ఏమయ్యాడో, ఏం గుర్తుపెట్టుకున్నాడో బిడ్డనే అడిగే రోజు అప్పటికి రాలేదు.

1980లో నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ ఏర్పడ్డాక వరంగల్లు మళ్లీ యుద్ధభూమి అయింది. ఈసారి పరిశోధన బాధ్యత విశ్వవిద్యాలయాలు తలకెత్తుకోలేదు, నిజనిర్ధారణ కమిటీలు ఎత్తుకున్నాయి. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెబుతూ పౌరహక్కుల సంఘంలో పనిచేసిన బాలగోపాల్ ఆ పద్ధతికి పదును పెట్టాడు: ఊరికి వెళ్లడం, చూసినవాళ్లను అడగడం, పోలీసు కథతో పోల్చడం. ఆ కమిటీలకు ముందు తేలాల్సింది ఎన్‌కౌంటర్ నిజమా, బూటకమా అన్నది. చనిపోయినవారి పేరు పక్కన వయసు పదహారని ఉన్నా ప్రశ్న అటు మళ్లేది కాదు. దాన్ని తప్పుపట్టలేం, ప్రాణం తీసినవాణ్ని నిలదీయడమే అప్పటి తొందర. అయినా ఒక తరం పిల్లలు సాక్షులుగానో శవాలుగానో తప్ప కాగితం మీదికి రాలేదన్నది నిజం.

బయట ప్రపంచంలో లెక్క మారుతూ వచ్చింది. 1989 బాలల హక్కుల ఒడంబడిక యుద్ధంలో దిగే కనీస వయసును పదిహేను దగ్గర ఆపింది. 1996లో గ్రాసా మాషెల్ ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదిక పిల్లల్ని యుద్ధానికి నడిమధ్యన నిలబెట్టింది. 2000లో వచ్చిన ఐచ్ఛిక ప్రోటోకాల్ నేరుగా పోరులో దిగే వయసును పద్దెనిమిదికి పెంచింది. భారతదేశం దాన్ని 2005 నవంబరులో ధ్రువీకరించింది.

అదే ఏడాది జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు కాలిపోయిన గుత్తికోయ ఆదివాసులు భద్రాచలం అడవుల్లోకి, గోదావరి దాటి ములుగు, భూపాలపల్లి అడవుల్లోకి వచ్చారు. తెలుగు నేల మీద పిల్లల్నే నేరుగా అడిగిన పరిశోధన అప్పుడే బలపడింది. 2007 డిసెంబరులో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ దంతెవాడ, ఖమ్మం జిల్లాలకు వెళ్లి చదువు, ఆరోగ్యం పరిశీలించింది. కమిషన్ మొదటి అధ్యక్షురాలు శాంతా సిన్హా ఎం.వి. ఫౌండేషన్‌లో బాలకార్మికుల్ని బడికి మళ్లించిన అనుభవం ఉన్న మనిషి. ఆమె వెంట ఆ చూపూ వచ్చింది: పిల్లవాడు ఎవరి పక్షమని ఆరా తీసేముందు బడిలో ఉన్నాడా లేడా అని చూడటం. తర్వాత వచ్చిన బాలబంధు పథకంలో ఖమ్మం కూడా ఒక జిల్లా. స్థానిక యువకులే ఇంటింటికీ తిరిగి పిల్లల్ని బడికి, అంగన్వాడీకి చేర్చారు.

2008లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక ఇరుపక్షాలనూ వేలెత్తి చూపింది. మావోయిస్టులు ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లల్ని బాలల సంఘాల్లో చేర్చి, పెద్దయ్యేకొద్దీ దళాల వైపు తీసుకెళుతున్నారని రాసింది. పద్దెనిమిది నిండనివాళ్లను పోలీసులు ప్రత్యేక పోలీసు అధికారులు(ఎస్పీవోలు)గా వాడుకున్నారనీ, బడులు ఒకవైపు పేల్చివేతలకు, ఇంకోవైపు బలగాల బసకు బలయ్యాయనీ రాసింది. 2011 జులై 5న నందినీ సుందర్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఎస్పీవోలను మావోయిస్టులపై పోరుకు వాడటం ఆపమంది. 2015 బాలల న్యాయ చట్టం 83వ సెక్షన్‌లోని మొదటి ఉపసెక్షన్ పిల్లల్ని చేర్చుకునే తీవ్రవాద సంస్థలకు ఏడేళ్ల వరకు కఠిన జైలుశిక్ష, ఐదు లక్షల జరిమానా పెట్టింది. ఎస్పీవో అనుభవం అయ్యాక కూడా ఆ ఉపసెక్షన్ ప్రభుత్వేతర సాయుధ సంస్థల మాటే ఎత్తడం నాకు కాకతాళీయమనిపించదు. సాయుధ సంఘర్షణల్లో పిల్లల మీద ఐక్యరాజ్యసమితి తెచ్చే వార్షిక నివేదికలో భారత్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఇక్కడున్నది సాయుధ సంఘర్షణే కాదని ఢిల్లీ వాదించింది. 2023 నివేదికలో ఆ పేరు తీసేశారు.

ఒక్క పర్యటనలో తేలని విషయాలు దీర్ఘకాల అధ్యయనాల్లో తేలాయి. సియెర్రా లియోన్‌లో థెరిసా బెటాంకోర్ట్ బృందం 2002 నుంచి పాత బాల సైనికుల వెంట ఏళ్లతరబడి నడిచింది. అడవిలో చూసిన హింస ఎంతో, తిరిగొచ్చాక ఊరు ఎలా చూసిందన్నదీ అంతేనని తేల్చింది. అక్కున చేర్చుకున్న ఊళ్లలో, బడి దొరికినచోట పిల్లలు కుదురుకున్నారు. వెలి వేసినచోట కుంగిపోయారు.

ఈ ఫలితాన్ని ములుగు అడవిలో పెట్టి చూస్తే అడగవలసిన ప్రశ్నలు మారిపోతాయి. 2005 తర్వాత తల్లి చంకనెక్కి గోదావరి దాటిన పిల్లలు ఇప్పుడు పిల్లలను కన్నారు. కోయమాటతో పెరిగి తెలుగు బడిలో కూర్చున్నారు, పోడు మీద అటవీశాఖతో తగవులు చూశారు. తెలంగాణలో వాళ్లకు ఎస్టీ ధ్రువపత్రం దొరకడం ఇప్పటికీ చిక్కే, అది లేకపోతే వసతిగృహం, ఉపకారవేతనం, ఉద్యోగం అన్నీ దూరం. యుద్ధం గురించి వాళ్లను అడగడానికి వెళ్లే పరిశోధకులు దళంలో ఎన్నేళ్లున్నావని మొదలుపెట్టకుండా బడి హాజరు పట్టీ, తహశీల్దారు తిప్పిపంపిన దరఖాస్తు ముందు చూడాలి. అడగవలసినవాళ్లు మానుకోటకు ఒక పగటి ప్రయాణం దూరంలోనే ఉన్నారు, వాళ్ల వయసు ఇంకా ముప్ఫై దాటలేదు.