రెట్టింపు పందెపు పుట్టుపూర్వోత్తరములు

వెనిస్ నగరమున ప్రభుత్వపు అనుమతితో 1638లో రిడోట్టో అను జూదశాల వెలసినది. 1754 ప్రాంతమున జాకొమో కాసనోవా అను సాహసికుడు ఆ శాలకు పోయి, మురానో ద్వీపపు సన్యాసినీమఠమున నున్న తన ప్రియురాలి బంగారముతో జూదమాడెను. ఆతడనుసరించినది మార్టింగేల్ పద్ధతి: ఓడిన ప్రతిమారును పందెమును రెట్టింపు చేయవలెను, గెలిచినంతనే మొదటి పందెమునకు దిగిరావలెను. ఎన్నిమారులు ఓడినను ఒక్క గెలుపుతో పోయిన సొమ్మంతయు చేతికి వచ్చి, పైగా మొదటి పందెమంత లాభము మిగులును. ఆ దినములలో ఆతడు రోజునకు మూడు నాలుగు మారులు గెలిచెను. రెట్టింపుల వరుసలో ఆరవ పేకముక్కపై ఏనాడును ఓడలేదనియు, ఓడియుండినచో రిక్తహస్తుడనై యుండెడివాడననియు తన స్మృతులలో తానే వ్రాసికొనెను. పిదప అదృష్టము తిరుగబడినది. బంగారము పోయెను, ఆమె కోరికపై ఆమె వజ్రములనమ్మగా వచ్చిన సొమ్మును పోయెను, మఠమును విడిచి పారిపోవలెనన్న ఆమె ఆలోచన అంతటితో ముగిసెను. కాసనోవా చరిత్రలో ఆతని సాహసములకంటె, పరుల సొత్తుతో సాగిన ఈ జూదమున ఒక స్త్రీ విడుదలకు దారి మూసికొనిపోయిన వైనమే నన్నెక్కువగా కలచివేయును.

అదే 1754లో ఫ్రెంచి విజ్ఞానసర్వస్వమున డాలంబేర్ అను గణితపండితుడు, నాణెమును రెండుమారులు ఎగురవేసినచో ఒక్కమారైనను బొమ్మ పడు అవకాశము నాలుగింట మూడు వంతులు కాక మూడింట రెండు వంతులని వాదించెను. అంతటి విద్వాంసుడును తొట్రుపడిన ఈ విషయమున సామాన్యుడు పొరపడుట వింత కాదు. ఓడినపుడు పందెమును ఒక మెట్టు పెంచి, గెలిచినపుడు ఒక మెట్టు తగ్గించు పద్ధతి నేటికిని ఆ పండితుని పేరనే చెలామణి యగుచున్నది. దానికి ఆధారము, గెలుపోటములు తుదకు సరిసమానము కాక తప్పవను భ్రమ మాత్రమే.

గెలుపుపై పందెము పెంచు పద్ధతులును కలవు. 1890 సెప్టెంబరులో యార్క్‌షైర్‌లోని ట్రాన్బీ క్రాఫ్ట్ అను భవనమున, పిదప ఏడవ ఎడ్వర్డుగా సింహాసనమెక్కిన వేల్స్ యువరాజు బ్యాంకు పట్టి బాకరా అను పేకాట ఆడించుచుండగా, సర్ విలియం గోర్డన్-కమ్మింగ్ అను సైన్యాధికారి ఫలితము తెలిసిన పిదప పందెపు బిళ్లలను రహస్యముగ చేర్చుచున్నాడని తోడివారు నిందించిరి. 5 పౌన్ల పందెము గెలిచినపుడు ఆ 5ను, లాభపు 5ను తీయక అచటనే ఉంచి, మరి 5 చేర్చి 15 చేయుట తన పద్ధతియని ఆతడు చెప్పుకొనెను. ఈ నింద న్యాయస్థానమునకెక్కగా, 1891 జూన్‌లో యువరాజే అచట సాక్ష్యమిచ్చెను. తీర్పు గోర్డన్-కమ్మింగ్‌కు ప్రతికూలముగ వచ్చెను, ఆతని సైనికోద్యోగమును పోయెను.

1959లో హవానా నుండి లాస్ వేగాస్‌కు వచ్చిన పుంటో బాంకో అను బాకరాలో, మూడవ ముక్క తీయవలెనా వలదా యన్నది సైతము నియమమే నిర్ణయించును. జూదరి వివేకమునకు పని లేదు. బ్యాంకర్ అను పక్షముపై కాయుటయా, ప్లేయర్ అను పక్షముపై కాయుటయా, ఎంత కాయుట యన్నదే ఆతని స్వాతంత్ర్యము. పందెపు పద్ధతులు ఈ ఆటనింతగా ఆశ్రయించుటకు కారణమిదియే యని నా నమ్మకము. పైగా గెలుపోటములు ఇంచుమించు సమానముగ కనబడును: బ్యాంకర్ గెలుచునది 45.86 శాతము, ప్లేయర్ 44.62 శాతము, మిగిలినది సరిసమానమైన ఆట, అనగా టై.

గోవా కాసినోలో నొకడు 100 రూపాయలతో మొదలిడి ప్లేయర్‌పై రెట్టింపు పందెములు కాయుచు పోయెననుకొందము. 100, 200, 400, 800, 1600, 3200, 6400: వరుసగ ఏడు ఓటములకు 12,700 పోవును, ఎనిమిదవ పందెమునకు 12,800 కావలెను, అదియు గెలిచినచో దక్కు లాభము 100 మాత్రమే. ఆలోపున బల్లపై విధించిన గరిష్ఠ పరిమితి అడ్డుపడవచ్చును, లేదా జేబు ఖాళీ కావచ్చును. టైలను విడిచి లెక్కించినచో, మొదలిడిన ప్రతిమారును ఇట్లు ఏడు వరుస ఓటములు తగులు అవకాశము సుమారు 116లో ఒకటి. తక్కిన 115 మారులును నూరేసి వచ్చినను మొత్తము 11,500. ఆ ఒక్కమారు పోవునది 12,700. నష్టము అరుదుగ వచ్చుటచేతనే ఈ పద్ధతి ప్రమాదకరము: అనేక దినములు గెలిచిన మనుజుడు తన అనుభవమునే ప్రమాణముగ గొని, మొదటి పందెమును 100 నుండి 500కు పెంచును, పరిమితి అంత త్వరగా ఎదురగును.

1939లో జాన్ విల్ అను ఫ్రెంచి గణితవేత్త జూదరుల ఈ మార్టింగేల్ పేరునే సంభావ్యతాశాస్త్రములోనికి గొనివచ్చెను. 1953లో అమెరికా పండితుడు జోసెఫ్ డూబ్ తన గ్రంథమున ఆ సిద్ధాంతమును విస్తరించెను. ధనమునకును పందెమునకును హద్దు ఉన్నంతవరకు, పందెములనెట్లు పేర్చినను, ఎప్పుడు లేచిపోయినను, ప్రతికూలమైన ఆట అనుకూలము కానేరదని దాని సారము. ప్లేయర్‌పై కాసిన ప్రతి నూరు రూపాయలకును సగటున 1 రూపాయి 24 పైసలు కాసినోకు చేరును. పందెమును రెట్టించినకొలది ఆ నూరుల సంఖ్యయే పెరుగును.