బాడీ ఎర్త్

రాత్రి రెండు దాటింది. హీటర్ మూడుసార్లు ప్రయత్నించింది. మంట పట్టలేదు. ఫ్యాను మాత్రం ఎడ్లు మొరాయించిన బండిలా ఈడుస్తూ తిరుగుతోంది. నెత్తిమీద లైటు చమురైపోయిన దీపంలా ఎర్రబారింది. దుప్పట్లో పద్నాలుగు నెలల పాప ఏడుపందుకుంది. ఆ చిన్న నోట్లోంచి పొగలా ఆవిరి.

బయట గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్. దాదాపు 2,100 మీటర్ల ఎత్తు, నవంబరు నెల. మధ్యాహ్నం ఫీనిక్స్‌లో చొక్కాచేతులు మడుచుకుని బయల్దేరినవాళ్లు ఇప్పుడు ఉన్న బట్టలన్నీ ఒంటిమీదే వేసుకున్నారు. మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఇల్లులాంటి ఈ మోటర్‌హోమ్ బండికి కరెంటు ప్లగ్గు ఉండదు. అర్ధరాత్రి జనరేటర్ వేయనివ్వరు. ఉన్న ఆధారమల్లా మెట్టు కింద అరలోని రెండు బ్యాటరీలే. గోడమీది మీటరు 9.6 చూపిస్తోంది.

“బ్యాటరీలు పోయాయి మామయ్యా,” అన్నాడు అల్లుడు.

“స్టవ్ వెలిగించనా నాన్నా? కాస్త వేడన్నా పుడుతుంది.” కూతురి చెయ్యి అప్పటికే నాబ్ మీద ఉంది.

“వద్దమ్మా! తియ్ చెయ్యి!”

తలుపులన్నీ బిగించిన బండిలో గ్యాస్ పొయ్యి మండుతూ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. రంగుండదు, వాసనుండదు. నిద్రపోయినవాళ్లు మరి లేవరు.

ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫయ్యేళ్లు లారీల వైరింగ్ చేసిన మనిషి. ఇలాంటి బండి ఎక్కడం ఇదే మొదలు. కానీ లెక్క కుదరడం లేదు. నిన్న రాత్రంతా ఇంటిముందు ప్లగ్గులో ఉంది. దారంతా ఇంజను ఛార్జింగ్ ఇచ్చింది. నిండా ఉన్న బ్యాటరీ ఇంతలోనే ఎట్లా ఖాళీ అవుతుంది?

“బాబూ, హీటర్ ఆపకండి. అట్లాగే తిరగనివ్వండి.”

మెట్టు తెరిచారు. చలి మొహాన కొట్టింది. మల్టీమీటరు మొనలు బ్యాటరీ మీద ఆనించారు. 12.4. బ్యాటరీలు బంగారంలా ఉన్నాయి! మరి మిగతా కరెంటు ఎవరు మింగుతున్నారు?

ఒక మొన నెగటివ్ మీదే ఉంచి, రెండోది ఛాసీ ఇనుముకి గీకి పట్టారు. అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలి. 2.6 వచ్చింది.

“బాడీ ఎర్త్ పోయింది.”

లారీ అయినా, ఈ చక్రాల ఇల్లయినా సూత్రం ఒకటే. చాలా చోట్ల కరెంటు వెళ్లడానికే తీగ. తిరిగి వచ్చేది ఛాసీ మీదుగా. ఆ దారి చివర ఒక్క నల్ల కేబుల్, ఒక్క బోల్టు. అక్కడ తుప్పు పడితే పాపం, నింద బ్యాటరీ మీద పడుతుంది. హీటర్ సంగతి ఇంకా కష్టం. ఫ్యాను గాలి జోరుకి లోపలి చిన్న రేకు మీట పడితేగానీ గ్యాస్ తెరుచుకోదు. సిలిండర్ నిండా గ్యాస్ ఉన్నా, ఫ్యాను నీరసిస్తే మంట లేదు.

ఆయన కంకర మీద వెల్లకిలా పడుకుని, టార్చి నోట కరుచుకుని, నల్ల కేబుల్‌ని వేళ్లతో తడుముకుంటూ, బురద గడ్డకట్టిన కమ్మీల సందుల్లోంచి, చేతికి అంటుకుపోయేంత చల్లటి ఇనుము మీదుగా అంగుళం అంగుళం జరుగుతూ ఒక బోల్టు దగ్గర ఆగిపోయారు. మళ్లీ ముట్టుకున్నారు. ఇంత చలిలో అదొక్కటే వెచ్చగా ఉంది!

“హీటర్ కట్టేయండి. ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి.”

పానా జారింది. వేలి కణుపు చీరుకుపోయింది. మళ్లీ పట్టు. లోపల పాప ఏడుపు సన్నబడుతోంది. అది నిద్రో, నీరసమో తెలీదు. బోల్టు కిర్రుమంది. కదిలింది. రింగు కింద ఎర్రటి తుప్పు పొడి, దాని కింద పెయింటు. ఎవరో గీకకుండానే బిగించేశారు.

ఉప్పుకాగితంతో రుద్దారు. ఇనుము వెండిలా తేలేదాకా రుద్దారు. రింగూ అంతే. బిగించారు. నెగటివ్ తగిలించారు.

“వెయ్యండి బాబూ.”

లైటు తెల్లగా విచ్చుకుంది. ఫ్యాను గుర్రుమని లేచింది. టిక్... టిక్... ఎవరూ ఊపిరి తీయలేదు. భగ్గుమంది!

మీటరు 12.2. కాసేపటికి అద్దాల మీది మంచు నీళ్లై కారింది. పాప తల్లి భుజం మీద చెమర్చిన నుదుటితో నిద్రపోయింది.

ఆయన మాత్రం పడుకోలేదు. అరగంట ఆగి, మఫ్లర్ చుట్టుకుని మళ్లీ బండి కింద దూరారు. బోల్టు మీద అరచెయ్యి ఆనించి చూశారు.

మంచుగడ్డలా ఉంది.