స్టార్ ట్రెక్: అభిమానులు ఊహించుకున్న సిరీస్‌లు

స్టార్ ట్రెక్ అమెరికా టెలివిజన్‌లో 1966 సెప్టెంబర్ 8న మొదలైన అంతరిక్ష గాథ. సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ. ఎన్‌బీసీ ఛానల్‌లో మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు నడిచి 1969 జూన్‌లో ఆగిపోయింది. ఆగిన నాటి నుంచీ ప్రేక్షకులు తమకు కావలసిన కొత్త సిరీస్‌లను తామే ఊహించుకుంటూ వస్తున్నారు. ఒకరికి అసలు సిరీస్‌లో ఓడ నడిపే సులూ కెప్టెన్‌గా ఓ ఓడ కావాలి. మరొకరికి ఆ గాథలోని అంతరిక్ష నౌకాదళం స్టార్‌ఫ్లీట్ నడిపే అకాడమీలో చదువుకునే పిల్లల కథ కావాలి. ఇంకొకరికి భూమికీ రోములన్లనే శత్రుజాతికీ జరిగిన యుద్ధం చూడాలని ఉంటుంది. అసలు సిరీస్‌లో ఆ యుద్ధం గురించి మాటల్లో విన్నారే తప్ప కళ్లతో చూసింది లేదు.

ఈ ఊహల్లో చాలావరకు కాగితం దాటలేదు. కొన్ని మాత్రం ఇరవై, ముప్పై, యాభై ఏళ్లు ఆగి తెరకెక్కాయి. స్టూడియో గుమ్మం బయట నిలబడి అడిగిన వాళ్లకు దక్కింది తక్కువ. లోపలికి వెళ్లి రచయితలైన అభిమానుల చేతుల మీదుగా జరిగింది ఎక్కువ. ఈ చరిత్రంతా ఆ రెండు దారుల చరిత్ర.

ఉత్తరాలు, సైక్లోస్టైల్ పత్రికలు

రెండో సీజన్ నడుస్తుండగానే సిరీస్‌ను ఎత్తేస్తారన్న వార్త పాకింది. బిజో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ దంపతులు ఉత్తరాల ఉద్యమం మొదలుపెట్టారు. 1967 డిసెంబర్ నుంచి 1968 మార్చి వరకు తమకు దాదాపు 1,16,000 ఉత్తరాలు వచ్చాయని ఎన్‌బీసీయే లెక్క చెప్పింది. 1968 మార్చి 1 రాత్రి, ఎపిసోడ్ అయిపోగానే, సిరీస్ కొనసాగుతుందని ఛానల్ ప్రకటించింది. అయితే మూడో సీజన్‌ను శుక్రవారం రాత్రి పది గంటలకు జరిపారు. కుర్రకారు ఇంట్లో ఉండని వేళ అది. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్నట్టయింది. ఏడాది తిరగకుండానే సిరీస్ ముగిసింది. అయినా తాము అడిగితే ఛానల్ వింటుందన్న నమ్మకం అభిమానుల్లో అప్పుడే పాతుకుపోయింది.

అనుబంధ సిరీస్ అన్న ఆలోచన కూడా ఆ రోజులదే. దానికి ఆద్యుడు రాడెన్‌బెరీయే. 1968 మార్చిలో ప్రసారమైన 'అసైన్‌మెంట్: ఎర్త్' నిజానికి మరో సిరీస్‌కు నమూనా. గ్యారీ సెవెన్ అనే రహస్య దూత ఇరవయ్యో శతాబ్దపు భూమిని యుద్ధం నుంచి కాపాడుతుంటాడు. రాబర్ట్ లాన్సింగ్ ఆ పాత్ర వేశాడు. ఛానల్ ఆ సిరీస్ తీసుకోలేదు. కానీ ఒక ఎపిసోడ్‌లో పక్కగా వచ్చి పోయిన మనిషికి సొంత కథ ఉండొచ్చన్న సూచన అభిమానులకు చాలింది.

1967లోనే 'స్పాకనాలియా' అనే అభిమాన పత్రిక వచ్చింది. సైక్లోస్టైల్ యంత్రం మీద అచ్చేసి పోస్టులో పంచుకున్న పత్రిక అది. ఆ తర్వాత అలాంటివి వందల్లో పుట్టాయి. వాటిలో రాసినవారిలో అత్యధికులు స్త్రీలు. ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి, ఎందుకంటే అంతరిక్ష కథలు మగపిల్లల సరుకన్న అపోహ ఇప్పటికీ పోలేదు. జాక్వెలిన్ లిక్టెన్‌బర్గ్ మొదలుపెట్టిన 'క్రైత్' కథల వరుసలో పదుల మంది రచయితలు చేయి కలిపారు. అసలు సిరీస్ పాత్ర స్పాక్ పుట్టిన వల్కన్ గ్రహపు ఆచారాలు, కుటుంబాలు, అక్కడి పట్టింపులు ఆ కథలకు ముడిసరుకు. స్టూడియో ఒక్క పైసా పెట్టకుండా నడిచిన పూర్తి స్థాయి సిరీస్ అది, తెర ఒక్కటే లేదు. 1976లో బాంటమ్ ప్రచురణ సంస్థ 'స్టార్ ట్రెక్: ద న్యూ వాయేజెస్' పేరుతో అభిమానుల కథలను పుస్తకంగా తెచ్చింది. పాత్రలు పోషించిన నటీనటులే ఆ కథలకు పరిచయ వాక్యాలు రాశారు. అభిమాన రచనకు పుస్తకాల షాపులో అంత గౌరవం దక్కడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు.

1972 జనవరిలో న్యూయార్క్‌లోని స్టాట్లర్ హిల్టన్ హోటల్‌లో జరిగిన సభకు కొన్ని వందల మంది వస్తారనుకుంటే మూడు వేలకు పైగా వచ్చారు. సిరీస్ ఆగిపోయి అప్పటికి రెండున్నరేళ్లు. ఆ జనాన్ని చూశాక స్టూడియోకూ మళ్లీ ఆలోచించక తప్పలేదు. 1973లో 22 ఎపిసోడ్ల యానిమేషన్ సిరీస్ మొదలైంది.

ఫేజ్ టూ

స్టార్ ట్రెక్ స్టూడియో పారమౌంట్ సొంత టెలివిజన్ ఛానల్ పెట్టాలనుకుని 1977లో 'స్టార్ ట్రెక్: ఫేజ్ టూ' ప్రకటించింది. సెట్లు వేశారు, స్క్రిప్టులు రాయించారు, నటులను ఎంపిక చేశారు. ఇలియా అనే డెల్టన్ జాతి యువతి పాత్రకు బొంబాయికి చెందిన మాజీ మిస్ ఇండియా పర్సిస్ ఖంబాటాను తీసుకున్నారు. ఛానల్ ఆలోచన అటకెక్కడంతో సిరీస్ కూడా ఆగిపోయింది. మొదటి ఎపిసోడ్ కోసం రాసుకున్న కథను పెంచి 1979లో 'ద మోషన్ పిక్చర్' సినిమాగా తీశారు. పర్సిస్ నున్నగా గొరిగిన తలతో అదే పాత్రలో కనిపించింది.

ఫేజ్ టూ చావలేదు, చెల్లాచెదురైంది. అందులోని డెకర్, ఇలియా పాత్రల జంట 1987లో వచ్చిన 'ద నెక్స్ట్ జనరేషన్'లో రైకర్, ట్రాయ్‌గా మారింది. దానికి రాసిన 'ద చైల్డ్' స్క్రిప్టు 1988లో కొత్త సిరీస్‌కు పనికొచ్చింది. 'రాని సిరీస్' అన్న భావన అభిమానుల మనసులో బలంగా నాటుకున్నది ఇక్కడే. సగం కట్టి వదిలేసిన ఇల్లు కనిపిస్తే, గదులు ఎలా ఉండేవో ఊహించకుండా ఉండలేం కదా.

తలుపు తెరిచిన కాలం

అమెరికా స్టూడియోలు సాధారణంగా బయటివాళ్లు పంపిన కథలను విప్పి కూడా చూడవు. రేపు అలాంటి కథే వస్తే నాది కాజేశారని కోర్టుకెక్కుతారని భయం. అందుకే అభిమానులు పోస్టులో పంపిన సిరీస్ ఊహలు చదవకుండానే తిరిగి వచ్చేవి. నెక్స్ట్ జనరేషన్ ఈ అలవాటును వదిలింది. 1989లో మూడో సీజన్‌కు రచయితల బృందానికి నాయకుడిగా వచ్చిన మైకేల్ పిల్లర్, హక్కుల పత్రం మీద సంతకం పెట్టి పంపితే ఎవరి స్క్రిప్టు అయినా చదువుతామన్నాడు. స్క్రిప్టులు వేల సంఖ్యలో వచ్చి పడ్డాయి.

వాటిలో రోనాల్డ్ డి. మూర్ రాసిన 'ద బాండింగ్' ఒకటి. కాలేజీ చదువు మధ్యలో వదిలేసిన ఆ కుర్రాడు సెట్ చూడటానికి వెళ్లి తన స్క్రిప్టును రాడెన్‌బెరీ సహాయకుడి చేతిలో పెట్టాడు. నెలల తరబడి ఎవరూ తాకని ఆ కాగితాలు పిల్లర్ కంటపడ్డాయి. తర్వాతి పదేళ్లలో మూర్ ఈ గాథకు ప్రధాన రచయితల్లో ఒకడయ్యాడు. 'ద ఆఫ్‌స్ప్రింగ్' రాసిన రెనే ఎచెవరియా కూడా ఈ తలుపులోంచే వచ్చాడు. అభిమానులు ఎప్పటికీ మరవని 'యెస్టర్‌డేస్ ఎంటర్‌ప్రైజ్' ఎపిసోడ్‌కు మూలం ట్రెంట్ క్రిస్టఫర్ గానినో అనే బయటి రచయిత పంపిన స్క్రిప్టు. 1997లో 'డీప్ స్పేస్ నైన్' సిరీస్‌కు రెండు కథలు అమ్మిన బ్రయన్ ఫుల్లర్, ఇరవై ఏళ్ల తర్వాత 'డిస్కవరీ' సిరీస్ సృష్టికర్తల్లో ఒకడయ్యాడు. ఈ గాథ చరిత్రలో ఇంతకంటే ఉదారమైన నిర్ణయం మరొకటి లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ తలుపు తెరవకపోతే ఇన్ని కథలూ పోస్టు కవర్లలోనే మగ్గిపోయేవి.

దీనికి ముందు ఉదాహరణ డేవిడ్ జెరాల్డ్. 1967 డిసెంబర్‌లో వచ్చిన 'ద ట్రబుల్ విత్ ట్రిబుల్స్' రాసేనాటికి అతను ఇరవై మూడేళ్ల అభిమాని.

నెరవేరని కోరికలు

అభిమానులు అన్నిటికంటే ఎక్కువ కాలం అడిగింది కెప్టెన్ సులూ సిరీస్ కావచ్చు. 1991 నాటి 'ది అన్‌డిస్కవర్డ్ కంట్రీ' సినిమాలో, అంతవరకు ఓడ నడిపిన హికారు సులూ ఎక్సెల్సియర్ ఓడ కెప్టెన్‌గా కుర్చీలో కూర్చున్నాడు. ఆ దృశ్యాలు కొద్ది నిమిషాలే, కానీ ఓ సిరీస్‌కు కావలసినవన్నీ వాటిలో ఉన్నాయి: మంచి ఓడ, ఇరవై ఐదేళ్ల పరిచయమున్న మనిషి, పాత శత్రువులైన క్లింగాన్లతో శాంతి కుదురుతున్న కాలం. ఆసియా మూలాలున్న నటుడు ప్రధాన పాత్రగా అమెరికన్ సిరీస్ నడవడం అప్పటికి దాదాపు ఊహకందని సంగతి. నటుడు జార్జ్ టకే స్వయంగా ప్రచారం చేశాడు. 1990లలో సులూ సాహసాలు ఆడియో క్యాసెట్ల రూపంలో వచ్చాయి. 1996లో వాయేజర్ సిరీస్‌లో 'ఫ్లాష్‌బ్యాక్' అనే ఎపిసోడ్ ఎక్సెల్సియర్ మీద నడిచింది. అంతకుమించి ఏమీ రాలేదు. చేతికందింది నోటికి అందలేదు.

రోములన్ యుద్ధానిదీ అదే దారి. 1966లో 'బాలన్స్ ఆఫ్ టెర్రర్' ఎపిసోడ్‌లో తొలిసారి ప్రస్తావించిన ఈ యుద్ధానికి 'ఎంటర్‌ప్రైజ్' సిరీస్ దగ్గర దాకా వచ్చింది. 2005లో నాలుగో సీజన్‌తో ఆ సిరీస్ ఆగిపోయింది. అభిమానులు పారమౌంట్ గేటు ముందు ప్రదర్శన చేశారు. ఐదో సీజన్ ఖర్చు తామే భరిస్తామని చందాలు కూడా పోగుచేశారు. స్టూడియో ఒప్పుకోలేదు.

అదే కాలంలో చేయి తిరిగిన రచయితలు కూడా అభిమానుల్లా ప్రతిపాదనలు రాశారు. 'బాబిలన్ 5' సృష్టికర్త జె. మైకేల్ స్ట్రాజిన్స్కీ, బ్రైస్ జాబెల్ 2004లో ఎవరూ అడగకుండానే అసలు సిరీస్‌లోని కెప్టెన్ కర్క్, స్పాక్ కథను మొదటి నుంచి మళ్లీ చెప్పే సిరీస్‌కు పత్రం తయారుచేశారు. అది ముందుకు సాగలేదు. ఐదేళ్ల తర్వాత జె.జె. అబ్రామ్స్ సినిమా తనదైన పద్ధతిలో ఆ పనే చేసింది.

సొంత కెమెరాలు

డిజిటల్ కెమెరాలు చవకయ్యాక అభిమానులు అడగడం మాని తీయడం మొదలుపెట్టారు. 2000 నుంచి 2007 దాకా నడిచిన 'హిడెన్ ఫ్రాంటియర్' 50 ఎపిసోడ్లు పూర్తిచేసింది. స్వలింగ ప్రేమ గురించి టెలివిజన్‌లోని స్టార్ ట్రెక్ నోరు మెదపని రోజుల్లో ఈ సిరీస్ దాన్ని మామూలు జీవితంగా చూపింది. జేమ్స్ కాలీ 2004లో మొదలుపెట్టిన 'న్యూ వాయేజెస్'లో జార్జ్ టకే, వాల్టర్ కోనిగ్ తమ పాత పాత్రల్లో నటించారు. టకే నటించిన 'వరల్డ్ ఎనఫ్ అండ్ టైమ్' హ్యూగో, నెబ్యులా బహుమతుల పోటీకి నామినేట్ అయింది. నెక్స్ట్ జనరేషన్ కోసం రాసి మూలనపడిన 'బ్లడ్ అండ్ ఫైర్' స్క్రిప్టును డేవిడ్ జెరాల్డ్ ఇక్కడే తెరకెక్కించాడు. 'స్టార్ ట్రెక్ కంటిన్యూస్' 2013 నుంచి 2017 వరకు 11 ఎపిసోడ్లలో కర్క్ ఐదేళ్ల యాత్రను పూర్తిచేసి, 1979 సినిమా మొదలయ్యే చోట వదిలింది.

గొడవ 'యాక్సనార్'తో వచ్చింది. 1969 నాటి ఓ ఎపిసోడ్‌లో పేరు మాత్రమే వినిపించిన యుద్ధం మీద సినిమా తీస్తామని చెప్పి నిర్మాతలు ప్రజల నుంచి పది లక్షల డాలర్లకు పైగా సేకరించారు. 2015 డిసెంబర్‌లో హక్కుదారులైన సీబీఎస్, పారమౌంట్ దావా వేశాయి. 2017 జనవరిలో రాజీ కుదిరింది. ఈలోగా 2016 జూన్‌లో స్టూడియో నియమావళి ప్రకటించింది. ఒక కథలో ఒక్కో భాగం 15 నిమిషాలు మించకూడదు, రెండు భాగాలే ఉండాలి. చందాలు 50,000 డాలర్లు దాటకూడదు. అసలు సిరీస్‌ల్లో పనిచేసినవాళ్లు ఉండకూడదు. కొనసాగింపు ఎపిసోడ్లు, సీజన్లు తీయకూడదు. ఈ చివరి నిబంధన దెబ్బ తిన్నది అభిమానుల సిరీస్ అన్న ఆలోచనే. హక్కులు స్టూడియోవే, కాదనలేం. కానీ లాభం చూసుకోకుండా ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు కూడా ఒకరు తెచ్చిన తగవుకు మూల్యం చెల్లించారు.

2017 తర్వాత

రాడెన్‌బెరీ మొదటి నమూనా ఎపిసోడ్ 'ద కేజ్'లో కెప్టెన్ కర్క్ కాదు, క్రిస్టఫర్ పైక్. 1965లో ఛానల్ దాన్ని తిరస్కరించింది. 2019లో డిస్కవరీ రెండో సీజన్‌లో ఆన్సన్ మౌంట్ పైక్‌గా వచ్చేసరికి, ఈయనకు సొంత సిరీస్ కావాలని అభిమానులు పట్టుబట్టారు. 2020 మేలో ప్రకటన వచ్చింది, 2022 మే 5న 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' మొదలైంది. ఛానల్ వద్దన్న సిరీస్ యాభై ఏడేళ్లకు వచ్చిందన్నమాట.

మైక్ మెక్‌మహన్ కథ ఇంకా ముచ్చటైనది. ఏడు సీజన్లతో ముగిసిన నెక్స్ట్ జనరేషన్‌కు ఎనిమిదో సీజన్ ఉండి ఉంటే ఎలాంటి ఎపిసోడ్లు వచ్చేవో ఊహిస్తూ అతను 2011 నుంచి ట్విట్టర్‌లో రెండు మూడు వాక్యాల సరదా కథలు రాసేవాడు. వాటి ఆధారంగా 2015లో పుస్తకం వచ్చింది. 2020లో అతనే సృష్టించిన 'లోయర్ డెక్స్' యానిమేషన్ సిరీస్ ఐదు సీజన్లు, 50 ఎపిసోడ్లు నడిచింది. పై అధికారుల గొప్పతనం కాకుండా కింది అంతస్తుల చిన్న ఉద్యోగుల జీవితం అందులోని కథ. అభిమాని ఊహకూ అధికారిక సిరీస్‌కూ మధ్య దూరం ఇంత తగ్గిన సందర్భం మరొకటి లేదు.

పిల్లల కోసం తీసిన 'ప్రాడిజీ'ని 2023లో పారమౌంట్ ప్లస్ తొలగిస్తే అభిమానుల ఉద్యమం మళ్లీ లేచింది. 1968లో ఉత్తరాలు, ఇప్పుడు విమానానికి కట్టిన బ్యానర్. 2024 జూలైలో రెండో సీజన్ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది.

అకాడమీ కథను నిర్మాత హార్వ్ బెనెట్ 1990 ప్రాంతంలోనే సినిమాగా ప్రతిపాదించాడు. అప్పుడు కాదన్నారు. 'స్టార్‌ఫ్లీట్ అకాడమీ' పేరుతో సిరీస్ 2026 జనవరిలో మొదలైంది. ఉత్తర భారతదేశంలో పుట్టినవాడని 1967లో పరిచయం చేసిన ఖాన్ నూనియన్ సింగ్ కథ కూడా ఏళ్లపాటు సిరీస్ ప్రతిపాదనగా ఉండి, చివరకు 2025లో ఆడియో నాటకంగా వచ్చింది. 1967లో ఆ పాత్ర మెక్సికన్ నటుడు రికార్డో మొంటాల్బాన్‌ది. ఆడియోలో భారతీయ మూలాలున్న నవీన్ ఆండ్రూస్ గొంతు వినిపిస్తుంది.

ఇప్పుడు అభిమానులు ఎక్కువగా అడుగుతున్నది 'లెగసీ'. 2023 ఏప్రిల్‌లో ముగిసిన 'పికార్డ్' మూడో సీజన్ రూపకర్త టెరీ మటాలస్ చెప్పిన ఆలోచన ఇది. స్టూడియో దీన్ని చేపట్టలేదు. చివరి ఎపిసోడ్‌లో వాయేజర్ సిరీస్ నాటి పాత్ర సెవెన్ ఆఫ్ నైన్ కొత్త ఎంటర్‌ప్రైజ్ ఓడ కెప్టెన్ కుర్చీలో కూర్చుంటుంది. ప్రతి కెప్టెన్‌కూ ఓడ కదిలించేటప్పుడు అనే సొంత మాట ఒకటుంటుంది. ఆమె ఏమంటుందోనని అందరూ ఆమె వైపే చూస్తారు. ఆమె నోరు తెరవబోతుండగా దృశ్యం మారిపోతుంది.